శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో హాకీ బాగా ఆడితే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అర్హత వస్తుందా?

రాదు, కాలేజీ జట్టు నుంచి విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికై అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితేనే ఆ ఆట కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుంది.

కారణం ఏమిటంటే, కేంద్రం ఆటగాడి స్థాయిని అతను ఎవరి తరఫున ఆడాడన్నదాన్ని బట్టి చూస్తుంది. దేశం, జాతీయ పోటీల్లో రాష్ట్రం, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయం, జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర పాఠశాలల జట్టు: ప్రధానంగా వీటికే గుర్తింపు. కాలేజీ పేరు ఇందులో ఎక్కడా లేదు.

ఉదాహరణకు, శ్రీకాకుళం కుర్రాడొకడు అంతర్ కళాశాలల ఫైనల్లో పెనాల్టీ కార్నర్లతో 3 గోల్స్ కొట్టాడనుకుందాం. కప్పు కాలేజీకి వస్తుంది, కానీ ఆ సర్టిఫికెట్ కోటాకు చెల్లదు. అదే ఆట చూసి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అతన్ని తన జట్టులోకి తీసుకుని సౌత్ జోన్ (దక్షిణాది) అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పంపితే, అప్పుడు విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకంతో ఇచ్చే పత్రం చెల్లుతుంది. ఆ పత్రం చదువు అయ్యేలోపే తీసుకోవాలి, తర్వాత తిరగడం చాలా కష్టం.

చాలామంది పొరపడేది ఇంకోటుంది: విశ్వవిద్యాలయ పతకం వస్తే భారత జట్టు తలుపు తెరుచుకున్నట్టే అనుకుంటారు. కానీ ఆ దారి ప్రధానంగా దేశంలో హాకీని నడిపే సంస్థ హాకీ ఇండియా జరిపే జాతీయ చాంపియన్‌షిప్‌ల మీదుగా పోతుంది. వాటికి రాష్ట్ర జట్టు సెలక్షన్స్‌లో విడిగా నెగ్గాలి.