ఆ పది వాక్యాలు చదివావా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక మెడిసినల్ కెమిస్ట్ (మందులకు పనికొచ్చే రసాయనాలు తయారుచేసే శాస్త్రవేత్త) గురించి ఓపిగ్గా రాయాలని నీకు అనిపించినందుకే ముందు సంతోషం వేసింది. కానీ మొదటి పేరా నిండా అంకెలే పెట్టావు: ఇన్ని పరిశోధన పేపర్లు, ఇన్ని సైటేషన్లు (అంటే ఇతరులు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించిన సార్లు), హెచ్-ఇండెక్స్ ఇంత. ఆయన ఏ జబ్బు మీద పనిచేశారో నాలుగో పేరాకు గానీ తెలియలేదు.

పేపర్లనూ సైటేషన్లనూ కలిపి ఒక్క అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. లెక్క సులువే. ఒకరి ఐదు పేపర్లకు 300, 12, 6, 4, 2 సైటేషన్లు వచ్చాయనుకో. నాలుగు, అంతకు మించి సైటేషన్లున్న పేపర్లు నాలుగు కాబట్టి ఇండెక్స్ 4. ఆ 300 బదులు 4 ఉన్నా అదే 4. లోకమంతా వాడుకున్న పేపరు ఆ అంకెలో కనబడకుండా పోయింది, చూశావా!

యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతే తీసుకో. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రచురించారు. ఆ పద్ధతి వాడినవాళ్లు దశాబ్దాలపాటు ఆ పేపరును సైట్ చేస్తూనే వచ్చారు. 1948లో, అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కొంతకాలం తగ్గుముఖం పట్టిందని అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ బృందం ఒక పేపరు వేసింది. కీమోథెరపీ చరిత్రలో అదొక మైలురాయి. ఆ మందు తయారైంది లెడర్లీ అనే మందుల కంపెనీలో, సుబ్బారావుగారి బృందం చేతుల్లో. ఆ పేపరు రచయితల వరుసలో మాత్రం ఆయన పేరు లేదు. ఆయన సైటేషన్లు ఎంత జాగ్రత్తగా కూడినా ఈ పేపరు లెక్కలోకి రాదు. తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

అందుకే నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. మీ శాస్త్రవేత్త పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్నది తీసుకో. దాన్ని సైట్ చేసిన పేపర్లు పది తెరువు. ప్రతిదాంట్లో ఆయన రిఫరెన్స్ నంబరు పడిన వాక్యం వెతికి చదువు. "ఇలాంటి కాంపౌండ్ల మీద ఇంతకుముందు పని జరిగింది" అంటూ డజను నంబర్ల మధ్య ఆయనదీ ఉంటే అది మాటవరసకు పెట్టింది. "ఆ పేపర్లోని కాంపౌండ్ 17తో మొదలుపెట్టి, మిథైల్ తీసి ఫ్లోరిన్ పెట్టాం" అని (పేపర్లలో కాంపౌండ్లకు ఇలా నంబర్లు వేస్తారు) ఉంటే, ఆయన ఆగిన చోట ఇంకొకరు అందుకున్నారన్నమాట. లెక్కలో రెండూ ఒకటే. రెండో రకం వాక్యం దొరికితే నీ వ్యాసం దానితోనే మొదలుపెట్టు. తప్పు పట్టడానికి సైట్ చేసేవాళ్లూ ఉంటారు. పసుపులోని కర్క్యుమిన్ మీద 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో గట్టి విమర్శ వచ్చింది. అందులో విమర్శకు గురైన పేపర్లకు కూడా ఒక్కో సైటేషన్ పెరిగింది.

పేర్ల దగ్గర జాగ్రత్త. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో, అదే ఇంటిపేరూ అవే పొడి అక్షరాలూ ఉన్న మరొకరి పేపర్లను ఒకావిడ ఖాతాలో కలిపేశాను. వ్యాసం అచ్చయ్యాక ఆవిడే ఫోన్ చేసి మెత్తగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు పరిశోధకులకు ఆర్కిడ్ (ORCID) ఐడీ ఉంది, మనిషికో 16 అంకెల నంబరు. అది సరిచూసుకో. మీ శాస్త్రవేత్త కొన్నాళ్లు కంపెనీలో పనిచేశారన్నావు కదా, ఆ రోజుల పని పేటెంట్లలో వెతుకు. మందుల కంపెనీల్లో ముందు పేటెంటు, ఆ తర్వాత ఎప్పటికో పేపరు, ఒక్కోసారి అదీ ఉండదు.

ఇంకొక్కటి. ఈ రంగంలో పేపరు రచయితల వరుసలో ల్యాబ్ అధిపతి పేరు సాధారణంగా చివర ఉంటుంది. ఫ్లాస్కుల ముందు నిలబడి కాంపౌండును చేసినవాళ్లు మొదట ఉంటారు. ఆయన్ని మళ్లీ కలిసినప్పుడు, ఇతరులు అందుకున్న ఆ కాంపౌండును మొదటిసారి ఎవరు చేశారో, శుద్ధి చేయడానికి ఎన్నాళ్లు పట్టిందో అడుగు.

రెండో డ్రాఫ్టుతో పాటు ఆ పది వాక్యాలూ పంపు. నేనూ చదవాలి.