మా పిన్నిని చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్లో చేర్పించమంటున్నారు, లోపల నిజంగా ఎలా ఉంటుంది?

కట్టేస్తారా, కొడతారా, కరెంటు పెడతారా, ఒకసారి లోపలికి వెళ్తే మళ్లీ ఇంటికి పంపుతారా అని అడిగారు. అక్కడ ఆడవాళ్ల వార్డులో 13 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెబుతాను. మీ నాలుగు ప్రశ్నల్లో చివరిదే అసలు ప్రశ్న.

ముందు ఆ పేరు సంగతి. హైదరాబాదు వాళ్లకి ఎర్రగడ్డ ఎలాగో, వైజాగ్ వాళ్లకి చినవాల్తేరు అలాగ. పిల్లాడు అల్లరి చేస్తే చాలు, ‘నిన్ను చినవాల్తేరు పంపించాలిరా’ అంటారు. 1871 నాటి ఆసుపత్రి అది. 300 పడకలు. ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు సైకియాట్రీ నేర్చుకునేది అక్కడే. ఇంత చరిత్ర ఉన్నా, ఆటో ఎక్కి పేరు చెబితే డ్రైవరు అద్దంలోంచి ఓసారి చూసేవాడు. ‘స్టాఫునే బాబూ’ అనేదాన్ని. ఒకసారి అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చి వచ్చాక, నా ఉద్యోగం ఎక్కడో తెలిసి, ఇంటావిడ ‘మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడమ్మా’ అని డబ్బులు తిరిగిచ్చేసింది. ఆ ఇంటికి ఇంకో ఆర్నెల్లు టులెట్ బోర్డు అలాగే వేలాడింది.

లోపల రోజు మీరనుకున్నంత భయంగా ఏమీ ఉండదు. నిజం చెప్పాలంటే బోరు. పొద్దున్నే లేపి పళ్లు తోమించడం, స్నానాలు, తలలు దువ్వడం. మా పనిలో సగం దువ్వెన పనే. పేలు పట్టిన తలని ఒక మనిషి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, మాట్లాడని మనిషి కూడా నాలుగో రోజుకి ఏదో ఒకటి అంటుంది. ఆ పని మాకన్నా ఎఫ్ఎన్ఓలు, అంటే వార్డులో సాయం చేసే ఆడ ఆర్డర్లీలు, బాగా చేసేవారు. వాళ్లని అందరూ ‘ఆయమ్మా’ అనే పిలుస్తారు. కేస్ షీటులో మేం రాసే సగం విషయాలు వాళ్లు చెప్పినవే.

తర్వాత టిఫిను, మాత్రలు, డాక్టర్ల రౌండు. కొత్తగా వచ్చిన పీజీలు ఏ ఏడాదైనా అవే ప్రశ్నలు వేస్తారు. ఈ రోజు తారీకెంత, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, దాంట్లోంచి ఇంకో ఏడు తీస్తే ఎంత. ఒక పెద్దావిడ అడక్కముందే ‘తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, ఇంకా సెప్పాలేటి బాబూ?’ అనేది. పక్క మంచం మీద కొత్తగా చేరిన అమ్మాయి తడబడితే గుసగుసగా అందించేది కూడా. ఆ పీజీ కుర్రాడు పాపం ఎవరి మార్కులు ఎవరికి వేయాలో తెలియక నన్ను చూశాడు.

మాత్రల దగ్గర మాత్రం మేం కటువుగానే ఉంటాం. మింగాక నోరు తెరవాలి, నాలుక పైకెత్తాలి, బుగ్గలు చూపించాలి. అనుమానం అనుకోకండి. మాత్ర మింగితే నాలుక మందమవుతుందని, ఒళ్లు బిగుసుకుంటుందని, నిద్ర ముంచుకొస్తుందని దాచేసేవాళ్లు ఉంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు. హాలోపెరిడాల్ లాంటి మందులతో కొందరికి దవడ, మెడ ఒక పక్కకి లాగేస్తాయి. చూస్తే చుట్టాలు హడలిపోతారు. దానికి విరుగుడు ఉంది, ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికి సర్దుకుంటుంది. తర్వాత రోజూ వేసుకోడానికి పాసిటేన్ రాస్తారు. మీ పిన్నికి అలాంటిదేమైనా అయితే మందు మానెయ్యకండి, డాక్టరుకి చెప్పండి.

కొట్టడం గురించి. 13 ఏళ్లలో నేను రెండు చెంపదెబ్బలు తిన్నాను. ఒకటి, నన్ను తన తోడికోడలు అనుకున్న ఒక పేషెంటు చేతిలో. వారం పోయాక ఆవిడే వచ్చి క్షమించమంది. రెండోది ఒక పేషెంటు తాలూకు అన్నగారి చేతిలో. ఆయన ఇంకా రాలేదు. కట్టేయడం గురించంటారా, గొలుసులు అసలు కూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ చట్టం 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది. బలవంతంగా గుండు గీయకూడదు, సొంత బట్టలు కట్టుకుంటానంటే యూనిఫాం వేయించకూడదు. కరెంటు అంటే ఇ.సి.టి., మెదడుకి కాస్త కరెంటు ఇచ్చే చికిత్స. మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా అది పెట్టడం నిషేధం. అందరికీ పెట్టరు. అన్నం నీళ్లు మానేసి కొయ్యబారిపోయిన మనిషి, చచ్చిపోతానని పట్టుబట్టిన మనిషి దాంతో లేచి కూర్చోవడం నేను చూశాను. ఆ రోజు జరిగిన సంగతులు కొన్ని మర్చిపోతారు, తలనొప్పి ఉంటుంది. అదీ చెప్పాలి కదా.

ఇక నాలుగో ప్రశ్న. చేర్చుకోవడం సులువు, పంపించడమే కష్టం. డాక్టర్లు వద్దన్నందుకు కాదు. హౌరా నుంచి మద్రాసు వెళ్లే పెద్ద లైను మీద ఊరు మనది. ఎక్కడో రైలెక్కిన మనిషి వైజాగ్ స్టేషన్లో దిగిపోతుంది, పోలీసులు తెస్తారు. పేరు తెలియదు, భాష తెలియదు. అలాంటి ఒకావిడ నెలన్నర పాటు ఒక్క ముక్క మాట్లాడలేదు. హిందీలో పలకరించాం, బెంగాలీ వచ్చిన పీజీ ప్రయత్నించాడు. ఊహూఁ. ఒక మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు మడతపెట్టడానికి కూర్చుంటే తనూ వచ్చి కూర్చుంది. మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేరుస్తూ నోట్లో నోట్లోనే లెక్కపెడుతోంది. మా ఆయమ్మది ఇచ్ఛాపురం. చెయ్యి ఆపి నావైపు తిరిగి, ‘సిస్టరమ్మా, తిని, చారి అంటోంది. మూడు, నాలుగు అని. ఒరియా మనిషి’ అంది. అక్కడే కూర్చుని ఒరియాలో ‘ఏ ఊరమ్మా నీది’ అని అడిగింది. ఆవిడ దుప్పటి ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరి పేరు మూడు రోజుల తర్వాత చెప్పింది. అక్కడి పోలీస్ స్టేషన్ ద్వారా కబురు పంపితే తమ్ముడు వచ్చాడు. వచ్చేటప్పుడు చీర, గాజులు తెచ్చాడు. ఆ చీర కట్టుకున్నాకే ఆవిడ గుమ్మం దాటింది.

అందరికీ తమ్ముళ్లు రారు. చేర్చిన రోజు రాసిచ్చిన ఫోన్ నంబరు మూడో నెలకి పనిచేయదు. ఉత్తరం రాస్తే ‘ఇల్లు మారినారు’ అని తిరిగొస్తుంది. పెద్ద పండక్కి తీసుకెళ్లేవాళ్లు చాలామందే. కానీ ‘బాగానే ఉంది కదా’ అని అక్కడ మాత్రలు మాన్పించేస్తారు, మాఘమాసంలో మళ్లీ మా గుమ్మంలో ఉంటారు. మనకి తలనొప్పి తగ్గితే మాత్ర ఆపేసినట్టు అనుకుంటారు దీన్ని కూడా. నెలకో, పదిహేను రోజులకో ఒకసారి చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. మాత్రల మీద రోజూ గొడవ పడే ఇళ్లకి అవి మేలు. డాక్టర్ని అడిగి చూడండి.

మీ పిన్ని తనంతట తాను ఒప్పుకుంటే ఆవిడ సంతకంతోనే చేరవచ్చు. అన్నిటికన్నా అదే మంచిది. ఒప్పుకోని స్థితిలో ఉంటే ఆవిడ తరఫున ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి, ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణులో వేర్వేరుగా పరీక్షించాలి, ముందుగా 30 రోజుల వరకే ఉంచుకుంటారు. ఆడమనిషి కాబట్టి ఆసుపత్రి మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజేయాలి. అంచేత ఎత్తుకెళ్లి పడేశారనే మాట ఇప్పుడు కుదరదు. ఈలోగా రాత్రిపూట ఏమీ తోచకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

వచ్చేటప్పుడు పాత మందుల చీటీలన్నీ తెండి, చిరిగినవైనా సరే. షుగరు, థైరాయిడు ఉంటే ఆ కాగితాలు కూడా. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి ఉంటే దాచకండి, అక్కడ ఏం తాగించారో మాకు కావాలి. కళ్లజోడు, మెత్తటి చెప్పులు, ముందు బొత్తాలుండే రెండు నైటీలు. బంగారం ఇంట్లోనే తీసి ఉంచండి. ఫోన్ నంబర్లు మూడు రాయండి, అందులో ఒకటి మీ ఊరి కిరాణా కొట్టుదైనా పర్వాలేదు. ఆ కొట్లు ఊరికే నంబర్లు మార్చవు.