18వ శతాబ్దపు కవితా సంకలనంలో ఏ కవిత ఉండాలో ఎవరు నిర్ణయించేవారు?

18వ శతాబ్దంలో లండన్‌లో అచ్చయిన కవితా సంకలనాలకు కవితలను ఎవరు ఎంపిక చేసేవారు, ఆ ఎంపికను బట్టి ఆనాటి పాఠకుల అభిరుచిని అంచనా వేయవచ్చా అని మీరు అడిగారు. ఎంపిక చేసినవాడు చాలా సందర్భాలలో పుస్తక వ్యాపారే. అతనికి అభిరుచి లేదని కాదు గానీ, ఏ కవిత మీద ఎవరికి హక్కు ఉంది, ఎంత కాగితం పడుతుంది అన్న రెండు లెక్కలు తేలిన తరువాతే అభిరుచి వంతు వచ్చేదని నా అభిప్రాయం. నేను సాహిత్యాచార్యుణ్ణి కాను. మా నాన్నగారికి తెనాలిలో ట్రెడిల్ ప్రెస్సు, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం, ఉండేది కనుక, పాత పుస్తకాన్ని చూసినప్పుడు ముందు ఫారాలు (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చు వేసి మడిచే పేజీల కట్టలు) లెక్కపెట్టే అలవాటు నాకు మిగిలింది. ఈ సమాధానం కూడా ఆ అలవాటులోంచి వచ్చినదే.

నేను హైస్కూలులో ఉండగా ఒక ఉగాది కవిసమ్మేళనం వారి సంకలనం మా ప్రెస్సులో అచ్చయింది. చివరి ఫారం కట్టే సమయానికి రెండు పేజీలు ఖాళీగా తేలాయి. ఖాళీ పేజీకి కూడా కాగితం ఖర్చు తప్పదు కాబట్టి నాన్నగారు నిర్వాహకులకు కబురు పంపితే, అంతకుముందు పక్కన పెట్టేసిన ఒక కవితను వారు వెనక్కి తీసి ఇచ్చారు. అది సరిగ్గా రెండు పేజీలకు సరిపోయింది. ఆవిష్కరణ సభలో ఒక వక్త ఆ కవితను చివర ఉంచడంలోని ఔచిత్యాన్ని చాలాసేపు మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి ఏ సంకలనంలోనైనా చివరి కవితను నేను కొంచెం అనుమానంగానే చదువుతాను.

ఇక మీరు అడిగిన కాలానికి వస్తే, అందరూ ముందుగా చెప్పే పేరు రాబర్ట్ డాడ్‌స్లీ. పెద్దింటి వారి దగ్గర నౌకరీ చేస్తూ పద్యాలు రాసి, కవి పోప్ అండతో 1735లో లండన్‌లోని పాల్ మాల్ వీధిలో పుస్తకాల దుకాణం తెరిచిన మనిషి ఆయన. పలువురు కవుల కవితలను చేర్చి 1748లో మూడు సంపుటాల సంకలనం తెచ్చాడు. 1755లో నాలుగోది, 1758లో అయిదు, ఆరు సంపుటాలు వచ్చాయి. ఈ సంపుటాలు ఆయన మరణించిన తరువాత కూడా 1782 వరకు మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉన్నాయి. వాటిలోని పేర్లను చూస్తే ఒక విషయం కనబడుతుంది: ఆయన అంతకుముందే విడిగా చిన్న పుస్తకాలుగా అచ్చు వేసిన కవితలు ఇందులో చాలానే ఉన్నాయి. థామస్ గ్రే ఈటన్ పాఠశాల మీద రాసిన గీతాన్ని డాడ్‌స్లీ 1747లో విడిగా ప్రచురించి, మరుసటి ఏడాది సంకలనంలో చేర్చాడు. అదే గ్రే రాసిన సమాధి తోట ఎలిజీని (శోకగీతాన్ని) ఒక పత్రిక అనుమతి లేకుండా వేయబోతోందని తెలిసి, 1751 ఫిబ్రవరిలో హడావుడిగా విడి పుస్తకంగా తెచ్చాడు. 1755 నాటి నాలుగో సంపుటంలో అది కూడా చోటు చేసుకుంది. సంకలనం అంటే చాలావరకు తన కొట్టులోని సరుకునే కొత్త పొట్లంలో కట్టడం అన్నమాట. చిన్నచూపుతో అంటున్న మాట కాదిది. ఆ పొట్లం కట్టకపోతే ఆ పుస్తకాలలో చాలా వాటి ఆనవాలు మనకు మిగిలేది కాదు.

కవులకు మాత్రం ఆ పొట్లం అంతగా నచ్చినట్లు లేదు. 1748 నాటి సంపుటాలు చూసిన గ్రే తన మిత్రుడు వాల్‌పోల్‌కు ఉత్తరం రాస్తూ, పొదుపు చేయదలచుకుంటే ముఖచిత్రంలోని దేవతల బొమ్మను మానుకుని కవులకు ఇంకాస్త మర్యాదైన బట్టలు కట్టవలసిందని, గోధుమ రంగు నాసి కాగితం మీద వంకర అక్షరాలతో వీధి పాటల కరపత్రంలా అచ్చు వేశాడని ఎత్తిపొడిచాడు. ప్రెస్సు నడిపిన ఇంట్లో పుట్టినవాడిని కనుక నా సానుభూతి డాడ్‌స్లీ వైపే. చేతి అచ్చు యంత్రాల కాలంలో పుస్తకం ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే. వేసిన ప్రతులు అమ్ముడు కాకపోతే ఆ డబ్బంతా గిడ్డంగిలో కూర్చుంటుంది.

నా దగ్గర ఆ నాలుగో సంపుటం ఒంటరి ప్రతి ఒకటి ఉంది, 1775 ముద్రణ. ఉద్యోగం పని మీద లండన్ వెళ్ళినప్పుడు పాత పుస్తకాల దుకాణంలో, మిగిలిన సంపుటాలు లేవు కాబట్టి చవకగా దొరికింది. పేజీ వెనక వైపు వేలితో తడిమితే తడి కాగితం మీద సీసపు అక్షరాలు నొక్కుకున్న గుర్తులు ఇప్పటికీ తగులుతాయి. ప్రతి పేజీ అడుగున కుడి మూలలో తరువాతి పేజీ మొదటి మాట ఉంటుంది. కొత్త ఫారం మొదలయ్యే చోట ఒక అక్షరం వేశారు, బైండరు వరుస తప్పకుండా పేర్చడం కోసం. కవిత పేజీ మధ్యలో ముగిస్తే మిగిలిన జాగాలో చిన్న పూల దిమ్మె నొక్కారు. అది చూడగానే నాకు మా ప్రెస్సులో అరిగిపోయిన తామరపువ్వు బ్లాకు గుర్తొచ్చింది.

ఈ పనితీరు తెలిస్తే మీరు ప్రస్తావించిన మరో సందేహం, అంటే ముద్రణ ముద్రణకూ కవితలు ఎందుకు మారాయన్నది, తేలికగా తీరుతుంది. ఆ కాలంలో సాధారణంగా ఏ ప్రెస్సు దగ్గరా మొత్తం పుస్తకానికి సరిపడా టైపు, అంటే సీసపు అక్షరాలు, ఉండేది కాదు. ఒక ఫారం అచ్చు కాగానే టైపు విడగొట్టి తిరిగి కేసుల్లో (అక్షరాల అరల్లో) పోసి, దానితోనే తరువాతి ఫారం కంపోజు చేయవలసి వచ్చేది, అంటే అక్షరాలు పేర్చవలసి వచ్చేది. కాబట్టి రెండో ముద్రణ అంటే మొదటి అక్షరం నుంచి మళ్ళీ కంపోజు చేయడమే. ఎలాగూ అంతా మళ్ళీ పేరుస్తున్నప్పుడు ఒక కవిత తీసి మరొకటి పెట్టడానికి అదనంగా అయ్యేది దాదాపు ఏమీ లేదు. డాడ్‌స్లీ సంకలనం 1748లోనే రెండోసారి అచ్చయినప్పుడు మార్పులు జరిగాయి. అందువల్ల ఉటంకించేటప్పుడు ఏ సంవత్సరమో మాత్రమే కాక ఎన్నో ముద్రణో కూడా తప్పక రాయండి.

థామస్ పెర్సీ 1765లో తెచ్చిన ప్రాచీన గాథాగీతాల సంకలనం ఇంకా విచిత్రమైనది. అచ్చు సాగుతుండగానే ఆయన మనసు మార్చుకున్నాడు. పుస్తకాన్ని నార్తంబర్లాండ్ ప్రభువు భార్యకు అంకితం ఇస్తున్నాడు కనుక, ఆ వంశం వారి యుద్ధగాథ ముందు రావాలని సంపుటాలను అటూ ఇటూ చేశాడు. మొదటి సంపుటంగా అచ్చయినది చివరికి మూడోదయింది. నచ్చని కాగితాలను కోయించి వాటి స్థానంలో కొత్తవి అతికించాడు.

హక్కుల సంగతి అసలు బయటపడింది 1774లో. 1710 నాటి చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, రచయిత జీవించి ఉంటే మరో 14 ఏళ్ళు మాత్రమే హక్కు ఇచ్చినా, లండన్ వ్యాపారులు తమ హక్కు శాశ్వతమని వాదిస్తూ వచ్చారు. జేమ్స్ థామ్సన్ ఋతువర్ణన కావ్యం మీద నడిచిన వ్యాజ్యంలో, అప్పట్లో బ్రిటన్‌లో చివరి తీర్పు చెప్పే ప్రభువుల సభ ఆ వాదనను తోసిపుచ్చింది. వెంటనే, 1777 నుంచి, జాన్ బెల్ అనే వ్యాపారి చాసర్ మొదలుకొని ఆంగ్ల కవులను ఎడిన్‌బరోలో అచ్చు వేయించి చిన్న సంపుటాలుగా అమ్మసాగాడు. 1783 నాటికి అవి 109 అయ్యాయి. లండన్ వ్యాపారులు సుమారు నలభై మంది ఒక్కటై, బెల్ అక్షరాలు మరీ చిన్నవని, తప్పులతడకలని నిందిస్తూ పోటీ సంకలనం తలపెట్టి, 200 గినీలకు (గినీ ఆనాటి ఆంగ్ల బంగారు నాణెం) నిఘంటుకారుడు, విమర్శకుడు అయిన శామ్యూల్ జాన్సన్‌తో కవుల జీవితాల మీద ముందుమాటలు రాయించారు. జాన్సన్ పేరు చూసి ఆ 52 మంది కవులు ఆయన ఎంపిక అని చాలామంది అనుకుంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి జాబితా వ్యాపారులది.

మన వైపు అప్పటికి కావ్యాలు తాటాకుల మీదే ఉన్నాయి. వేర్వేరు ప్రబంధాల నుంచి వర్ణన పద్యాలను ఏరి ప్రబంధ రత్నాకరం కూర్చిన పెదపాటి జగ్గనను ఈ పద్యం మీద హక్కు ఎవరిదని నిలదీసేవారు లేరు. అందుకే ఆయన ఎంపికను నేను అభిరుచిగా చదువుతాను. లండన్ సంకలనాలను చదివేటప్పుడు మాత్రం ముందు శీర్షిక పేజీ అడుగున ఎవరి కోసం అచ్చు వేశారో చూస్తాను. 1779 నాటి జాన్సన్ సంపుటాలలో అక్కడ వ్యాపారుల పేర్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. జాన్సన్ తన సిఫార్సు మీద చేరినట్లు ఒప్పుకున్నది నలుగురు కవులనే: బ్లాక్‌మోర్, వాట్స్, పాంఫ్రెట్, యాల్డెన్. వారిని చదివి ఆనందం కలిగినా విసుగు పుట్టినా ఆ బాధ్యత తనదేనని వాట్స్ జీవితం రాస్తూ చెప్పుకున్నాడు.