లాక్టోఫెరిన్ ఇన్ఫెక్షన్‌ను, వాపును ఎలా తగ్గిస్తుంది?

తల్లి ముర్రుపాలలో లీటరుకు సుమారు 5 గ్రాముల దాకా ఉండే ప్రోటీన్ ఇది. కన్నీళ్లలో, లాలాజలంలో కూడా ఉంటుంది.

మొదటి పని ఇనుమును దక్కనివ్వకపోవడం. చాలా బాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి. ఒక్కో లాక్టోఫెరిన్ అణువు రెండు ఇనుప అయాన్లను పట్టేసుకుంటుంది. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌దీ ఇదే కుటుంబం. కాకపోతే ఆమ్లత పెరిగితే అది పట్టు వదిలేస్తుంది, లాక్టోఫెరిన్ అంత తేలిగ్గా వదలదు. ఇన్ఫెక్షన్‌తో వాచిన చోట ఆమ్లత పెరుగుతుంది కాబట్టి అసలు తేడా అక్కడే తెలుస్తుంది. అక్కడికి లాక్టోఫెరిన్‌ను తెచ్చి విడుదల చేసేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు.

ఇనుముతో సంబంధం లేని పనులూ ఉన్నాయి. కొన్ని బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థానికి అతుక్కుని, అది మన రోగనిరోధక కణాలను రెచ్చగొట్టకుండా చూస్తుంది. వాపు తగ్గడానికి ఇదొక కారణం. కడుపులోని జీర్ణ ఎంజైమ్ పెప్సిన్ దీన్ని ముక్కలు చేస్తే వచ్చే లాక్టోఫెరిసిన్ బాక్టీరియా పొరనే దెబ్బతీస్తుంది. అంటే అరిగాక కూడా పనికొస్తుందన్నమాట! అలాగని సూక్ష్మజీవులేం తక్కువ తినలేదు: గనేరియా, మెనింజైటిస్ కలిగించే నైసీరియా అనే బాక్టీరియాలు లాక్టోఫెరిన్ నుంచే ఇనుము లాక్కోగలవు.

మలంలో లాక్టోఫెరిన్ ఎక్కువుంటే పేగుల్లోకి న్యూట్రోఫిల్స్ చేరాయని అర్థం. ఐబీడీ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు), ఐబీఎస్ (అలాంటి వాపు లేకుండానే పేగులను ఇబ్బంది పెట్టే సమస్య)ల మధ్య తేడా తేల్చడానికి డాక్టర్లు ఈ పరీక్ష రాస్తారు.

లాక్టోఫెరిన్ పొడులు, మాత్రల ప్రచారాన్ని మాత్రం నేను అంతగా నమ్మను. బ్రిటన్‌లో నెలలు నిండకుండా పుట్టిన సుమారు 2,200 మంది శిశువులపై జరిగిన ఎల్ఫిన్ ట్రయల్‌లో (2019) ఆవుపాల లాక్టోఫెరిన్ ఇచ్చినా ఇన్ఫెక్షన్లు తగ్గలేదు.