కడప నుంచి డిబ్రూగఢ్‌కు ఎంత దూరం?

హైదరాబాదు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కడప నుంచి డిబ్రూగఢ్‌కు విమానంలో మూడు గంటల పైచిలుకే అని ఫోను చెప్పిందట. పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనం వేళకు అస్సాంలో ఉంటానని రాశావు. లెక్క సరైనదే. ఆ విమానమే లేదు!

ఫోను చేసే పని ఇంతే. భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం సుమారు 2,200 కిలోమీటర్లు. దాన్ని గంటకు 800 చొప్పున భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలుపుతుంది. ఆ దారం ఒంగోలు, కాకినాడల పక్కగా మన కోస్తా వెంబడే సాగి, ఒడిశా, బంగ్లాదేశ్‌ల మీదుగా అస్సాం చేరుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

నువ్వు వెళ్లే దారి వేరు. కడప నుంచి శంషాబాదుకు 300, అక్కడి నుంచి కోల్‌కతాకు 1,200, ఆపైన డిబ్రూగఢ్‌కు 850. అంతా కలిపినా 2,350 కిలోమీటర్లే. చుట్టు తిరిగినందుకు పెరిగింది 150, అంటే గాలిలో పావుగంట కూడా కాదు. కడప లాంటి చోట్లకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానం గంటకు 500 కిలోమీటర్లే పోతుంది కాబట్టి మరికాస్త కలుపుకో. మిగతా రోజంతా కరిగిపోయేది నేల మీదే. అందుకే దూరం చూడకు, రెండు విమానాల మధ్య ఖాళీ చూడు.

మూడు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తరువాతి దానిలో పంపే బాధ్యత విమానసంస్థది. చవకగా వస్తున్నాయని విడివిడిగా కొన్నావా, నష్టమంతా నీదే. విడిగా కొంటే పెట్టె తీసుకుని మళ్లీ వరుసలో నిలబడాలి, కౌంటరేమో గంట ముందే మూసేస్తారు. ఒకే టికెట్టయినా కడపలో పెట్టె ఇచ్చేటప్పుడు దానికి కట్టే చీటీ చదువు. చివరి ఊరుగా డిబ్రూగఢ్ గుర్తు ‘డీఐబీ’ అని ఉండాలి. హైదరాబాదు గుర్తు ‘హెచ్‌వైడీ’ అని ఉంటే అక్కడే అడిగి మార్పించుకో.

శంషాబాదులో మూడు గంటలు దొరికితే ఇంటికి వచ్చి తిని వెళతానని అనకు. సికింద్రాబాదులో ఉన్న మన ఇంటికి రానూపోనూ ఆ మూడు గంటలూ రోడ్డు మీదే అయిపోతాయి. కావాలంటే అత్తయ్యను వెంటబెట్టుకుని విమానాశ్రయానికి తిరిగే పుష్పక్ బస్సులో నేనే వస్తాను.

డిసెంబరులో డిబ్రూగఢ్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. విమానాశ్రయం ఊరికి దూరంగా మోహన్‌బారిలో ఉంది. కొత్త చోటు కదా, వెలుగుండగా దిగేలా చూసుకో. అలా కుదరకపోతే రాత్రి కోల్‌కతాలో ఆగడమే మేలు. తిరిగి వచ్చేటప్పుడు చలికాలపు పడమటి గాలి ఎదురుగా కొడుతుంది, వెళ్లినంత వేగంగా రాలేవు.

వేళలు చూసి ముందు నాకు పంపు, డబ్బు కట్టాక కాదు.

మామయ్య