జీపు ట్రాన్స్‌ఫర్ కేసు ఇంట్లోనే విప్పొచ్చా?

ప్రశ్న: మాది పాత మహీంద్రా జీపు. డానా 18 రకం ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు వెనక ఉండి, ముందు వెనక చక్రాలకు బలం పంచే పెట్టె). రోడ్డెక్కితే ఒకటే రొద, యాక్సిలరేటర్ వదిలితే లీవరు జారి న్యూట్రల్లోకి వస్తోంది, కింద ఆయిల్ చుక్కలు. ఫోర్‌వీల్ ఎప్పుడోగాని వెయ్యం, మరి ఎందుకు అరిగింది? కేసు మొత్తం (అసెంబ్లీ) మార్చాలంటున్నారు. ఇంటి దగ్గర బాగుచేసుకోవడం కుదురుతుందా?
- ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: ఈ కేసు అరగడానికి ఫోర్‌వీల్ వెయ్యనక్కర్లేదండీ. టూవీల్ హైలో (వెనక చక్రాలే లాగే మామూలు నడకలో) కూడా బలం నేరుగా వెనక్కి పోదు, మధ్యలో ఉండే ఇంటర్మీడియట్ గేరు మీదుగానే పోతుంది. అంటే బండి కదిలినంతసేపూ ఆ గేరు లోపలి నీడిల్ బేరింగుల (సూదుల్లాంటి సన్నని రోలర్ల) మీద బరువుంటుంది. ముందు పోయేవి అవే. ఇంట్లో చేసుకోవచ్చు, కేసు పగిలి ఉండకపోతే.

ఆయిల్ గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రెండింట్లోంచీ దించండి. గేర్‌బాక్సు వెనక భాగానికి జాకీ ఆన్చాకే క్రాస్‌మెంబర్ (కింద దాన్ని మోసే అడ్డపట్టీ) విప్పాలి. ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇరుసులకు బలం తీసుకెళ్లే కడ్డీలు), స్పీడోమీటర్ కేబుల్ తీసి, కేసు వెనక మూత విప్పితే మెయిన్ షాఫ్టు గేరు కనబడుతుంది. స్ప్లిట్ పిన్, నట్టు, గేరు, ఆ తర్వాతే కేసును గేర్‌బాక్సుకు పట్టిన బోల్టులు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: కేసు లాగితే గేర్‌బాక్సు మెయిన్ షాఫ్టు కూడా వెంట వస్తుంది, గేర్‌బాక్సులో రోలర్లు రాలిపోతాయి. గేర్‌బాక్సు పైమూత తీసి ఆ షాఫ్టును తీగతో ముందుకు బిగించి కట్టండి. కేసు పోత ఇనుము, బరువెక్కువ. ఒక్కరే కింద పడుకుని దించుకోకండి.

లాక్ ప్లేటు తీసి, ఇత్తడి కడ్డీతో ఇంటర్మీడియట్ షాఫ్టును (ఆ గేరు తిరిగే ఇరుసును) వెనక్కి కొట్టండి. నీడిల్స్ విడిగా ఉంటే లెక్కపెట్టి పెట్టుకోండి. షాఫ్టు మీద గోటికి గాడి తగిలిందా, షాఫ్టు, నీడిల్స్, థ్రస్ట్ వాషర్లు (గేరుకు రెండు పక్కలా ఉండే బిళ్లలు) కలిపే మార్చాలి. గేరు లోపలి రంధ్రం కూడా గుంటలు పడితే గేరూ కొత్తదే. నీడిల్స్ ఒక్కటే మార్చితే రొద త్వరలోనే తిరిగొస్తుంది. షాఫ్టు మందం కాలాన్నిబట్టి ముప్పావు, 1 1/8, 1 1/4 అంగుళాలుగా మారింది. పాతది చేతపట్టుకునే కొట్టుకు వెళ్లండి. కేసులో షాఫ్టు రంధ్రం కోడిగుడ్డులా సాగితే మాత్రం లేతు పనివాడు స్లీవ్ (లోపల తొడుగు) వెయ్యాల్సిందే. ఆయిల్ కారడానికి అదీ ఒక కారణమే.

బిగించేటప్పుడు నీడిల్స్‌నూ వాషర్లనూ గ్రీజుతో అతికించండి, వాషరు కొమ్ము కేసు గాడిలో కూర్చోవాలి. విప్పేటప్పుడు షిఫ్ట్ రాడ్లు (లీవరు కదిపే కడ్డీలు) లాగితే వాటిని పట్టి ఉంచే గోళీలు, స్ప్రింగులు ఎగిరిపోతాయి, గుడ్డ అడ్డం పెట్టండి.

లీవరు జారడం దాదాపుగా ఔట్‌పుట్ షాఫ్టు (కేసు నుంచి బలం బయటికిచ్చే కడ్డీ) ముందుకూ వెనక్కీ ఆడే ఆట ఎక్కువై, లేదా గేరును జరిపే ఫోర్కు అరిగి, ఆ గోళీల స్ప్రింగు నీరసపడి. ఆట 0.004 నుంచి 0.008 అంగుళం ఉండాలి, డయల్ గేజ్‌తో (సన్నని కదలికలు కొలిచే ముల్లు మీటరుతో) కొలవండి. వెనక బేరింగ్ క్యాప్ కింద షిమ్ములు (పలుచని రేకులు) పెంచితే ఆట పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. బేరింగులు కొత్తవి వేసి పాత షిమ్ములే పెట్టెయ్యకండి.

ఎలాగూ దించారు కనుక గేర్‌బాక్సుకూ కేసుకూ మధ్య సీల్ మార్చండి. లేకుంటే అటు ఆయిల్ తగ్గి ఇటు పెరుగుతుంది. యోక్ (ప్రొపెల్లర్ షాఫ్టు తగిలించే కొక్కెం) మీద సీల్ ఆనే చోట గాడి పడితే ఎన్ని సీళ్లు వేసినా కారుతుంది. బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) మూసుకుందేమో ఊది చూడండి. ఆయిల్ 80డబ్ల్యూ-90, లెవెల్ ప్లగ్ దాకా, సుమారు లీటరున్నర. తొలి ప్రయాణం పది కిలోమీటర్లయ్యాక బేరింగ్ క్యాప్ ముట్టుకోండి, చెయ్యి నిలవనంత వేడుంటే షిమ్ ఒకటి తక్కువైనట్టు.