చెత్త వేసేవాళ్లు మారతారా? మా వీధి మలుపులో జరిగింది చెబుతాను

ఎంత చెప్పినా, బోర్డు పెట్టినా మా వీధిలో రోడ్డు మీద చెత్త వేయడం మానడం లేదు, ఈ జనం అసలు మారతారా అని అడిగారు. మారతారు. మా వీధిలో మారారు. కాకపోతే చెప్పడం వల్ల మారలేదు, బోర్డు వల్ల అసలే మారలేదు.

మా వీధి మలుపులో ఒక కరెంటు స్తంభం ఉంది. నేను ఈ ఇంట్లోకి వచ్చేనాటికే దాని కింద చెత్తకుప్ప ఉంది. పొద్దున్నే ఊడ్చేవాళ్లు వచ్చి ఎత్తుకెళ్తారు, తొమ్మిది కాకముందే మళ్లీ నాలుగు కవర్లు పడతాయి, సాయంత్రానికి కుక్కలు వాటిని చింపి రోడ్డంతా లాగి పెడతాయి. అటుగా వెళ్లే ప్రతివాళ్లూ ముక్కు మూసుకుని ఈ జనానికి బుద్ధి లేదు అనుకుంటూ పోయేవాళ్లు, నేనూ అంతే. అలా అనుకున్న నేనే రెండుసార్లు ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో మా ఇంటి చెత్త కవరు తెచ్చి అక్కడ పెట్టేసి వెళ్లిపోయాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ నాకు విషయం అర్థమైంది అక్కడే. శుభ్రంగా ఉన్న గోడ పక్కన చెత్త పెట్టడానికి నాకు చెయ్యి రాదు. అప్పటికే పది కవర్లున్న చోట పదకొండోది పెడుతుంటే మాత్రం తప్పు చేస్తున్నట్టే అనిపించలేదు.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొందరు పరిశోధకులు ఒక సందులో నిలిపి ఉన్న సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి, వచ్చినవాళ్లు వాటిని ఏం చేస్తారో చూశారు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు ఆ కాగితాన్ని అక్కడే పడేసినవాళ్లు 33 శాతం, అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి ఉంచినప్పుడు 69 శాతం. 2008లో వచ్చిన పరిశోధన ఇది. నేల మీద చెత్త కూడా అక్కర్లేకపోయింది చూడండి, ఈ చోటును ఎవరూ పట్టించుకోవడం లేదని గోడను చూస్తే తెలిసిపోయింది, అంతే.

ఇక బోర్డుల సంగతి. మా స్తంభానికి ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని ఉండేది, సరిగ్గా దాని కిందే కుప్ప. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు ఆ రెండూ చూసి అందరూ వేసే చోటు ఇదేనని అనుకునేవాళ్లు. ‘అందరూ ఇలాగే పాడు చేస్తున్నారు’ అని రాస్తే ఇంకా నష్టం. అమెరికాలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో, రాయిగా మారిన చెక్క ముక్కలను సందర్శకులు ఎత్తుకుపోతుంటారు. గతంలో చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి దెబ్బతింది అని బోర్డు పెడితే, పరిశోధకులు లెక్క కోసం గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం పోయాయి. దయచేసి తీయకండి అని మాత్రమే పెడితే పోయినవి 2 శాతం కన్నా తక్కువ. చాలామంది చేస్తున్నారని తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుంది.

మేం మొదట చేసిన పని ఒక ఆదివారం ఏడుగురం కలిసి ఆ మలుపంతా ఊడ్చి కడగడం. ఐదు రోజులు బాగుంది, ఆరో రోజుకి కుప్ప తిరిగొచ్చింది. అందరికీ కోపం వచ్చింది. ఒకాయన్ని కవరుతో పట్టుకుని నలుగురిలో నిలదీశాం కూడా, దాంతో ఆయన పగలు మానేసి రాత్రిళ్లు వేయడం మొదలుపెట్టాడు, మాతో మాటలు మానేశాడు. అది మేం చేసిన పెద్ద పొరపాటు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దారి చూపించింది ఆ వీధి ఊడ్చే అక్క. అక్కా, ఇవి ఎవరు వేస్తున్నారు అని అడిగితే, ఎన్నో ఏళ్ల నుంచి ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నట్టు గడగడా చెప్పేసింది. ఆరున్నరకే పనికి వెళ్లిపోయేవాళ్ల కవర్లు కొన్ని, చెత్తబండి వచ్చేది ఎనిమిది దాటాక కదా. పై అంతస్తుల్లో ఉండే పెద్దవాళ్లవి కొన్ని, బండి చప్పుడు విని వాళ్లు మెట్లు దిగేలోపు అది వెళ్లిపోతుంది. రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని, వాసన భరించలేక మూడో రోజు స్తంభం దగ్గరికి తెస్తారు. ఏ కవరు ఏ ఇంటిదో కూడా ఆమెకు తెలుసు. మేం బుద్ధి లేని జనం అనుకున్నవాళ్లలో సగానికి పైగా నిజానికి బండి అందనివాళ్లు.

బండి వేళ మార్చమని అడిగాం, కుదరలేదు. అప్పుడు కింది అంతస్తుల్లో ఉండే నాలుగు ఇళ్లవాళ్లం మా గేటు లోపల మూత ఉన్న డబ్బాలు పెట్టాం. ఎవరికి బండి అందకపోయినా అందులో వేసి వెళ్లొచ్చు, బండి రాగానే ఇంట్లో ఉన్నవాళ్లం ఇచ్చేస్తాం. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. ఆ తర్వాతే మలుపు మళ్లీ కడిగి గోడకు సున్నం వేశాం. మొదటి మూడు వారాలు చాలా కష్టం, వంతులు వేసుకుని, అక్కడ ఒక్క కవరు పడినా రెండోది పడకముందే తీసేశాం. ఎవరైనా ఎదురుపడితే తిట్టలేదు, ‘అన్నా, బండి అందలేదా, ఇటివ్వండి, మా గేట్లో పెడతాను’ అన్నాం. ఆ మాటతో చాలామంది మర్నాటి నుంచి నేరుగా గేటు దగ్గరికే వచ్చారు. మేం నిలదీసిన ఆయన రావడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

జరిమానా వేస్తే సరి అంటారు చాలామంది. సింగపూర్ 1968 నుంచి ప్రచారమూ జరిమానాలూ కలిపే నడిపింది, నిజమే, కానీ అక్కడ ఈరోజుకీ రోజూ ఊడ్చే కార్మికులున్నారు. పైగా తెల్లవారుజామున ఐదింటికి మా మలుపులో జరిమానా రాయడానికి ఎవరుంటారు? ఎస్టోనియాలో 2008 మే 3న దాదాపు 50 వేల మంది కలిసి ఒక్కరోజులో 10 వేల టన్నుల చెత్త ఎత్తారు, దాన్ని ఉదాహరణగా చూపిస్తుంటారు. అంతకు ముందు నెలల తరబడి ఎక్కడెక్కడ చెత్త పడుతోందో వెతికి మ్యాపు తయారు చేసుకున్నారన్న సంగతి ఎవరూ చెప్పరు. మేం ఆ మొదటి ఆదివారం వదిలేసిన పని అదే.

అన్నీ సరైపోయాయని చెప్పను. బైకుల మీద పోతూ కవర్లు విసిరేసేవాళ్లను ఏం చేయాలో మాకు తెలియలేదు. సిగరెట్ పీకలైతే చెత్త అనే స్పృహే ఎవరికీ లేదు, ఆ ఫిల్టర్ సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్, వానకి కొట్టుకుపోయి కాలవలో చేరుతుంది.

కాబట్టి మీ వీధిలో బోర్డు రాయించే ముందు ఒక వారం చూడండి, కవర్లు ఎన్నింటికి పడుతున్నాయి, బండి ఎన్నింటికి వస్తోంది. ఊడ్చేవాళ్లను అడగండి. పోయిన నెల మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజే స్తంభం దగ్గర కవరు పెట్టబోతే నేను వెళ్లేలోపే పక్కింటివాళ్లు డబ్బా ఎక్కడుందో చూపించారు.